రెండుంబావలా చాకు

సర్వే గొలుసు తెగిందని కాలువ సూపర్‌వైజరు సోమవారం పొద్దున రామచంద్రం కొలిమికి వచ్చాడు. వెంట ఇద్దరు కూలీలున్నారు. ఒకడి భుజం మీద గొలుసు, ఇంకొకడి చంకలో మొనలు వంగిన ఇనుప మేకులు. సాగర్ డ్యాం పని మొదలై ఏడెనిమిదేళ్లయినా ఆ ఊరికి ఇంకా నీళ్లు రాలేదు. కాలువ ఎటు నుంచి ఎటు పోవాలో కొలిచే మనుషులు మాత్రం వచ్చిపోతూనే ఉన్నారు.

రామచంద్రం అప్పుడు మారయ్య పటేలు నాగటి కర్రు కాలుస్తున్నాడు. భార్య నర్సింగమ్మ తిత్తి ఊదుతోంది. తాడు లాగినప్పుడల్లా ఆమె ఎడమ కాలు నేలకు తన్నిపట్టి, నడుము వెనక్కి వాల్చి, మళ్లీ ముందుకు వచ్చేది. మంట ఎంత ఉండాలో అతను నోటితో చెప్పడు. పట్టకారు కొంచెం ఎత్తితే ఆమె నెమ్మదిస్తుంది, లోపలికి తోస్తే జోరు పెంచుతుంది. కర్రు తీసి దాగలి మీద పెట్టి నాలుగు దెబ్బలు వేసి, నీళ్ల తొట్టిలో ముంచి పక్కన పడేశాడు. గొలుసు చేతిలోకి తీసుకున్నాడు.

గొలుసు అతికేదాకా సూపర్‌వైజరు బయట బండరాయి మీద కూర్చున్నాడు. జేబులోంచి జామకాయ తీశాడు, తర్వాత చాకు తీశాడు. చాకు తెరుచుకున్న చప్పుడుకు రామచంద్రం సుత్తె పైనే ఆగింది.

అలా టక్కుమనడం కోసమే అతను తన చాకులకు స్ప్రింగులా ఉండే వెనక పట్టీని మూడేసి మాట్లు కాల్చి చల్లారుస్తాడు. తలెత్తి చూశాడు. కొమ్ము పిడి మీద ఏటవాలుగా తెల్లటి చార ఉంది. ఆ కొమ్ము గొల్ల కురుమయ్య పొట్టేలుది. మొన్న చలికాలంలో దాన్ని ఉడకబెట్టి, రెండు చెక్కల మధ్య బిగించి, చార పైకి వచ్చేటట్టు కోసింది తనే. కాని చాకు అలుగు మీద ఇప్పుడు ఒక సింహం తలకాయ, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అవి తను కొట్టినవి కావు.

అతను చూడడం సూపర్‌వైజరు గమనించాడు. ఆయన కోస్తా వైపు మనిషి. మాటలో కోపం లేదు, కొంచెం మురిపెం ఉంది.

“ఏమయ్యా, నచ్చిందా? ఫారిన్‌ది. పద్దెనిమిది రూపాయలు పెట్టాను.”

“ఏడ కొన్నరు సార్?”

“డ్యాం కాలనీలో, రఘుపతి గారి కొత్త షాపులో. ఈ మధ్య మేకు కాస్త వదులైంది. బిగించగలవా? మోటుగా కొట్టకూడదు సుమా. సున్నితమైన వస్తువు.”

రామచంద్రం చెయ్యి తుడుచుకుని చాకు అందుకున్నాడు. ఎవరో సాన మీద ఒత్తి పట్టి ముద్ర వేసేటప్పుడు మేకు కదిలింది. చిన్న సుత్తెతో ఇటు రెండు, అటు రెండు తట్టాడు. చుక్క ఆముదం వేసి తెరిచి మూశాడు. అలవాటు కొద్దీ ఎడమ ముంజేతి మీద అలుగు నడిపించాడు. అక్కడ వెంట్రుకలు ఎప్పుడూ మొలవనివ్వడు కాబట్టి తెగడానికి ఏమీ లేదు.

గొలుసుకు, మేకులకు బేరమాడి ముప్పావలా ఇచ్చిన సూపర్‌వైజరు, చాకు బిగించినందుకు అడగకుండానే రూపాయి చేతిలో పెట్టాడు. మంచి వస్తువును పాడు చేయకుండా ఇచ్చావన్నాడు.

వాళ్లు మలుపు తిరిగాక నర్సింగమ్మ తిత్తి తాడు వదిలింది.

“మనదే గద అది.”

“మనదే.”

“మరి చెప్పకపోతివి.”

“చెప్తే ఏమైతది? పాపం, పద్దెనిమిది పెట్టిండు.”

 ఆమె తాడు మళ్లీ అందుకుంటూ, తన తమ్ముడు లింగస్వామి మళ్లీ కబురు పంపాడని చెప్పింది. డ్యాం కార్ఖానాలో సమ్మెట కొట్టేవాళ్లు ఇంకా నలుగురు కావాలట. రోజుకు రెండు రూపాయలు, రోజుకూలీ మస్టరు పనైనా వానొచ్చినా ఎండొచ్చినా ఆగదు. దసరా లోపల వస్తేనే. రామచంద్రం విన్నాడు. ఊళ్లో పదిహేను నాగళ్లకు పంటలో వాటాగా మేర గింజలు వచ్చే చోట ఈసారి కల్లాల దగ్గర తొమ్మిదింటికే వచ్చాయి. మిగతా ఆరుగురు ఎడ్లమ్ముకుని డ్యాం మీద మట్టి పనికి పోయారు. నాగలి లేనివాడు కమ్మరికి గింజలెందుకు కొలుస్తాడు? చాకులే ఇక దిక్కు. నెలకు పన్నెండు చాకులు. హాలియాలో దుకాణమున్న రఘుపతి ఒక్కోదానికి రెండుంబావలా ఇస్తాడు.

“నాలుగిస్తే కొలిమి ఉంటది. ఇయ్యకుంటే దసరాకు ఆర్పేద్దాం,” అన్నాడు రామచంద్రం. కోపంగా అనలేదు. రేపు వాన పడొచ్చు అన్నట్టుగా అన్నాడు. మళ్లీ కర్రు పట్టకారుతో పట్టాడు.

*

గురువారం హాలియా అంగడి. ఊరి నుంచి మూడు కోసుల నడక. పన్నెండు చాకులను నూనె గుడ్డలో చుట్టి, ఆ మూటను తువ్వాలలో కట్టి, రామచంద్రం పొద్దెక్కకముందే బయల్దేరాడు.

రఘుపతి దుకాణంలో తాళ్లు, కడాయిలు, తాళంకప్పలు, లాంతరు చిమ్నీలు ఉంటాయి. ఆయన లావుపాటి మనిషి. ఎవరొచ్చినా ముందు మంచినీళ్లిస్తాడు. చాకులు ఒక్కొక్కటే తెరిచి మూసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పన్నెండూ బాగున్నాయన్నాడు. డబ్బు తీయబోతుంటే రామచంద్రం, ఈసారి నాలుగు కావాలన్నాడు.

రఘుపతి చెయ్యి గల్లాపెట్టెలోనే ఆగింది. ఏమైందని అడిగాడు. రామచంద్రం సోమవారం సంగతి చెప్పాడు. గొలుసు, జామకాయ, సింహం తలకాయ, పద్దెనిమిది రూపాయలు.

రఘుపతి దాచలేదు. కాలనీ షాపు కిరాయి నెలకు నలభై. అద్దాల బీరువా పట్నం నుంచి తెప్పించాడు. మఖ్మల్ గుడ్డ అతికించిన డబ్బా ఒక్కటే రూపాయిన్నర. ముద్ర వేసేవాడికి రూపాయి. పది చాకులు పెడితే ఆరు అమ్ముడుపోతాయి, నాలుగు తుప్పు పడతాయి. ఇవన్నీ వేళ్ల మీద చెప్పి, గొంతు తగ్గించాడు.

“రామచంద్రమన్నా, నీ పేరు చెప్పి అమ్మితే దానికి రెండు రూపాయలు గూడ రావు. సింహం బొమ్మ పెడ్తే పద్దెనిమిది వస్తయి. జనం కొనేది బొమ్మను. నేనేం చెయ్యాలె?”

“బొమ్మ కోయదు గద శేటూ.”

“కోయదు. ఒప్పుకుంట.” రఘుపతి నవ్వాడు. “సరే, ఒక్క మాట చెప్పు. రెండుంబావలా అని మొదట చెప్పింది ఎవరు, నేనా నువ్వా?”

“నేనే.”

“ఎట్ల కట్టినవ్ ఆ లెక్క?”

రామచంద్రానికి ఆ లెక్క నోటికే వచ్చు. మిర్యాలగూడ మెకానిక్కు దగ్గర కొనే లారీ కమాను ముక్కకు అర్ధరూపాయి. బొగ్గుకు పావలా. ఇత్తడికి అర్ధరూపాయి. కొమ్ముకు పావలా. ఆకురాయి అరుగుదలకు, నూనెకు, గుడ్డకు అర్ధరూపాయి. మొత్తం రెండు రూపాయలు. పైన పావలా దారి ఖర్చుకు, బీడీలకు.

“మరి నీ చెయ్యి?”

రామచంద్రానికి అర్థం కాలేదు. రఘుపతి మళ్లీ అడిగాడు. చాకు ఒక్కటి చేయడానికి ఎంతసేపు పడుతుందన్నాడు. అన్నీ దొరికితే ఒక పగలన్నాడు రామచంద్రం.

“ఆ పగలుకు ఎంత?”

“చేతి పనికి ధర ఏముంటది శేటూ? మేర గింజలు వస్తయి గద.”

అన్నాక ఆ మాట తనకే వినపడింది. మేర గింజలు కొలిచేది రైతులు. వాళ్ల కర్రులకు, కొడవళ్లకు, బండి పట్టాలకు. తన తండ్రి, తాత ఎన్నడూ ఎవరి దగ్గరా చేతి పనికి పైసలు అడగలేదు. పని చేసిన కమ్మరి ఇనుముకు, బొగ్గుకే అడగాలి. చెయ్యి ఊరిది. ఈ చాకులు మాత్రం ఊరివి కావు. కాలనీలో జామకాయలు కోసుకునేవాళ్ల కోసం మారయ్య పటేలు గింజలు ఖర్చవుతున్నాయి ఇన్నాళ్లూ.

రఘుపతి ముఖంలో ఎగతాళి లేదు. అలసిన మనిషిలా ఉన్నాడు. అంగడి రోజు ఆయనకూ పొద్దుటి నుంచి తిండి లేదు.

“నువ్వు అడగలె. నేనియ్యలె. అడగని పైసలు ఇచ్చే వ్యాపారిని ఏడన్న చూసినవా? ఇప్పుడు అడిగినవ్ గాబట్టి రెండున్నర జేస్త. నాలుగంటే నాతోని గాదు.”

 రామచంద్రం చాకులన్నీ ఒక్కొక్కటే తీసి, మళ్లీ నూనె గుడ్డలో చుట్టుకున్నాడు. రఘుపతి ఆపలేదు. మంచినీళ్లు తాగి పొమ్మన్నాడు.

*

ఆదివారం నాడు డ్యాం కాలనీలో కూరగాయల అంగడి. రామచంద్రం బస్సులో వెళ్లి, రోడ్డు వారగా గోనెపట్టా పరిచి, పన్నెండు చాకులూ వరసగా పెట్టి కూర్చున్నాడు. ఒకవైపు ఎండుచేపలు, ఇంకోవైపు గాజులు అమ్మే జంగమ్మ. ఆమె మహబూబ్‌నగర్ వైపు నుంచి కూలీ గుంపుతో వచ్చి, మట్టి మోయలేక గాజుల గంప ఎత్తుకున్నానని చెప్పింది.

ధర ఐదని చెప్పాలని అతను దారంతా అనుకుంటూ వచ్చాడు. ఐదంటే నాలుగుకు దిగొచ్చు. మొదటి మనిషి అడిగినప్పుడు ఐదు అనడానికి నోరు రాలేదు. నాలుగున్నర అన్నాడు. ఆ మనిషి చాకును తిరగేసి చూసి, ముద్రేదని అడిగి, కింద పెట్టి పోయాడు. రెండో మనిషి గుమాస్తాలా ఉన్నాడు. ఊరి చాకుకు ఇంత ధర పెట్టే బదులు ఇంకాస్త కలిపి ఫారిన్‌దే కొనుక్కోవచ్చు కదా అన్నాడు. ఆలంపూర్ వైపు తాపీమేస్త్రీ ఒకడు, తమ దిక్కు జాతరలో ఇలాంటివి రూపాయిన్నరకు కుప్పలు పోసి అమ్ముతారన్నాడు. అలుగును వేలితో తాకి చూసి, కాదు, ఇది అంత తక్కువది కాదని తనే ఒప్పుకుని, అయినా రెండు కంటే ఎక్కువ తన దగ్గర లేవన్నాడు. రామచంద్రం తల అడ్డంగా ఊపాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. జంగమ్మ తన గొడుగు కొంచెం ఇటు వంచింది.

“ఓ అన్నా, గట్ల మూతి ముడుసుకుని కూసుంటే ఎవలు కొంటరు? జర నవ్వు. నేను పగిలిన గాజులు గూడ నవ్వుకుంటనే అమ్ముత.”

అతనికి నవ్వు రాలేదు. ఈ వయసులో సరుకు పరుచుకుని ఎదురుచూడడం చేతకాదని తెలిసిపోయింది. కొలిమి దగ్గరికి మనుషులే వచ్చేవాళ్లు. పనుండి వచ్చేవాళ్లు. ఇక్కడ వచ్చేవాళ్లందరూ పని లేకుండా వస్తున్నారు.

సూపర్‌వైజరు ఇద్దరు స్నేహితులతో, చేతిలో కూరల సంచితో వచ్చాడు. రామచంద్రాన్ని గుర్తుపట్టాడు. చాకులు చూసి సంతోషపడ్డాడు కూడా. ఒకటి తెరిచి, తన జేబులోది తీసి పక్కన పెట్టి స్నేహితులకు చూపించాడు. పైకి ఒకేలా ఉన్నా తేడా తెలిసిపోతుందట. ఫారిన్ దాని బరువు వేరట, చప్పుడు వేరట. మన వాళ్లు చూసి చెయ్యగలరు గాని ఆ ఫినిషింగ్ రాదట. చెడ్డగా అనలేదు. పిల్లవాడి రాత చూసి ఫర్వాలేదన్నట్టు అన్నాడు.

“నువ్వే చెప్పవయ్యా, ఇలాంటిది నువ్వు చెయ్యగలవా?”

రామచంద్రం ఆయన చేతిలోని చాకును చూశాడు.

“అది నేను చేసిందే సార్.”

ఒక స్నేహితుడు నవ్వాడు. సూపర్‌వైజరు నవ్వలేదు. ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు చూశాడు. రామచంద్రం ఎవరినీ తప్పు పట్టకుండా నెమ్మదిగా చెప్పాడు. వెనక పట్టీకి లోపలివైపు తను ఎన్నడూ ఆకురాయి పట్టడు. అది ఎవరికీ కనపడదు, పైగా ఆకురాయి పట్టిన పట్టీ తొందరగా విరుగుతుంది. అందుకని సుత్తె దెబ్బలు అలాగే ఉంటాయి. ముందున్న చాకు ఒకటి తీసి, వెంట తెచ్చుకున్న చిన్న సుత్తెతో మేకు ఊడగొట్టి, పట్టీ తిప్పి చూపించాడు. చేప పొలుసుల్లా చిన్న చిన్న దెబ్బలు.

“మీదిస్తే గూడ ఇప్పి చూపిస్త సార్. మళ్ల బిగించిస్త. పైసలొద్దు.”

స్నేహితులు సూపర్‌వైజరు వైపు చూశారు. ఆయన చాకును ఒక్క క్షణం చేతిలోనే ఉంచుకున్నాడు. ఆయన బొటనవేలు పిడి మీది తెల్లటి చార మీద అటూ ఇటూ కదిలింది. తర్వాత మడిచి జేబులో వేసుకున్నాడు.

“నీ పని నువ్వు చూసుకో,” అన్నాడు. గొంతు మాత్రం పెంచలేదు. టమాటాలు అయిపోతాయని స్నేహితులను తొందరపెట్టి ముందుకు నడిచాడు.

 రామచంద్రం మూట కట్టుకుంటున్నప్పుడు జంగమ్మ, నిజం చెప్పి ఎవరూ గాజు ముక్క కూడా అమ్మలేదన్నా అంది. బస్సు చార్జీ రానూపోనూ రూపాయి పావలా. పన్నెండు చాకులూ పన్నెండే ఉన్నాయి.

*

బుధవారం మధ్యాహ్నం రఘుపతి సైకిల్ మీద ఊళ్లోకి వచ్చాడు. చెమటకు లాల్చీ ఒంటికి అతుక్కుపోయింది. సైకిల్‌ను గోడకు ఆనించి, నీళ్లడిగి తాగి, రామచంద్రం ఎదురుగా చెక్కముక్క మీద కూర్చున్నాడు. కొలిమిలో కొత్త చాకు అలుగు ఎర్రబడుతోంది. నర్సింగమ్మ తిత్తి దగ్గర ఉంది.

డ్యాం పెద్ద ఇంజనీరుకు బదిలీ అయింది. కిందివాళ్లంతా కలిసి ఆయనకు, ఆయనతో పోయే ఆఫీసర్లకు కానుకలు పెడుతున్నారు. డబ్బాలో పెట్టిన చాకులు ఎనిమిది అడిగారు. రఘుపతి ఇదంతా దాపరికం లేకుండా చెప్పాడు.

“ఆదివారం నువ్వు కాలనీల అందరికి చెప్పినవంట.”

“చెప్పిన.”

“ఎవలన్న నమ్మిండ్రా?”

రామచంద్రం అలుగును నిప్పుల్లో ఇంకొంచెం లోపలికి తోశాడు. “లేదు.”

“అందుకే వచ్చిన. నమ్మితే నేను రాకపోదును, నా దుకాణమే మునుగుతుండె.” ఇందులో గెలిచినట్టు ఏమీ అనలేదు. “నీ ధర చెప్పు రామచంద్రమన్నా. మొన్నటి లెక్క ఒద్దు. మొత్తం కలిపి చెప్పు.”

రామచంద్రం రెండు రాత్రులుగా ఆ లెక్కే వేస్తున్నాడు. ఇప్పుడు తడుముకోలేదు. ఇనుముకు అర్ధరూపాయి, బొగ్గుకు పావలా, ఇత్తడికి అర్ధరూపాయి, కొమ్ముకు పావలా, ఆకురాయికి, నూనెకు అర్ధరూపాయి. అక్కడికి రెండు. తర్వాత ఒక క్షణం ఆగాడు. పుట్టి ఎరుగని మాట పలుకుతున్నట్టు ఆగాడు.

“నా చేతికి రెండు. డ్యాం మీద సమ్మెట కొట్టేటోనికి రోజుకు రెండే. అంతకంటే ఎక్కువ అడుగుతలేను. మొత్తం నాలుగు. దీంట్ల పైస తగ్గినా చాకు లేదు. దసరాకు మా బామ్మర్ది దగ్గరికి పోత.”

రఘుపతి మీసం దువ్వాడు, లాల్చీ చివరతో మెడ తుడుచుకున్నాడు, మూడున్నర అన్నాడు. రామచంద్రం కొలిమిలో బొగ్గు సర్దాడు. రఘుపతి మూడు ముప్పావలా అన్నాడు. రామచంద్రం తల ఎత్తలేదు. బయట ఎవరి కోడో కూసింది. చివరికి రఘుపతి పెద్ద నిట్టూర్పు విడిచి, సరే నాలుగు అన్నాడు. పన్నెండూ ఇప్పుడే తీసుకుపోతాను, ఇక నుంచి ఇదే ధర అన్నాడు.

రామచంద్రం పట్టకారు అందుకున్నాడు. భుజాల మీది నుంచి ఏదో దిగినట్టయింది.  అలుగు తీద్దామని కొలిమిలోకి చూశాడు. పసుపుగా ఉండాల్సిన ఇనుము ఎర్రగా ఉంది. చూస్తుండగానే ఇటుక రంగుకు దిగింది. తిత్తి ఆగింది.

నర్సింగమ్మ తాడు వదిలి, కొంగుతో అరచేతులు తుడుచుకుంటోంది. అవి తుడిస్తే పోయే నలుపు కాదు. ఆమె మొగుడి వైపు చూడలేదు. రఘుపతితో అంది:

“శేటూ, మీ అన్న ఒకటి మర్చిపోయిండు.”

“ఏంది వదినె?”

“ఇనుము జెప్పిండు, బొగ్గు జెప్పిండు. కొమ్ము, ఇత్తడి, ఆకురాయి. నూనె చుక్క గూడ మర్చిపోలె. ఆయన చెయ్యి జెప్పిండు.” ఆమె తిత్తి తోలు మీద చెయ్యి వేసింది. “దీన్ని జెప్పలె.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. కూరలో ఉప్పు వేయలేదని చెప్పినట్టు చెప్పింది.  ఇరవై రెండేళ్లలో తిత్తి ఎవరు ఊదుతున్నారని రామచంద్రానికి ఎన్నడూ వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం రాలేదు. పట్టకారు ఎత్తితే తగ్గేది, తోస్తే పెరిగేది. రెండు రాత్రులు లెక్క వేశాడు. ఆ రెండు రాత్రులూ ఆమె పక్కనే పడుకుని ఉంది, ఎడమ భుజం కింద పాత గొంగడి ముక్క మడిచి పెట్టుకుని.

“ఎంతనో నువ్వే చెప్పే,” అన్నాడు. ఆ మాట గట్టిగా రాలేదు.

నర్సింగమ్మ ఆలోచించింది. పైన దూలం వైపు చూసింది, వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది, రెండుసార్లు మొదటికి వచ్చింది. ఇద్దరు మగవాళ్లు తన మాట కోసం ఆగడం అలవాటు లేక కొంచెం సిగ్గుపడింది. సమ్మెట కొట్టేవాడికి రెండైతే తట్ట మోసే ఆడమనిషికి రూపాయి పావలా అని ఆమెకు తెలుసు. లింగస్వామి పెళ్లాం చెప్పింది. ఆమె నోట్లోంచి వచ్చిన మాట మాత్రం అది కాదు.

“పావలా ఇయ్యుండ్రి.”

“ఇస్త వదినె. నాలుగుంబావలా,” అన్నాడు రఘుపతి.

మీసం దువ్వలేదు, మెడ తుడుచుకోలేదు, ఆలోచించలేదు. ఆమె మాట పూర్తి కాకముందే తలూపాడు. ఆ తొందర రామచంద్రానికి తెలుసు. మొట్టమొదటి రోజు హాలియా దుకాణంలో తను రెండుంబావలా అన్నప్పుడు కూడా ఆయన ఇంతే తొందరగా తలూపాడు. ఆ రోజు తను సంతోషపడుతూ ఇంటికి నడిచాడు.

పావలా. బొగ్గుకు కట్టినంత.

తక్కువ అడిగావని ఇప్పుడు చెప్పొచ్చు. రఘుపతి ఎదురుగానే ఉన్నాడు, సైకిల్ ఇంకా గోడకే ఉంది. కాని నర్సింగమ్మ ముఖం వైపు చూస్తే ఆ మాట బయటికి రాలేదు. ఆమె సంతోషంగా ఉంది. నుదుటి మీద అంటిన మసిని కూడా తుడుచుకోలేదు. అడిగింది, వచ్చింది. అంతవరకే చూస్తోంది.

రఘుపతి డబ్బు లెక్కపెట్టి దాగలి మీద పెట్టి, మూట తీసుకుని లేచాడు. ఆయన సైకిల్ ఎక్కి మలుపు తిరిగేదాకా వాళ్లిద్దరూ అలాగే ఉన్నారు. కొలిమిలో అలుగు నల్లబడి పోయింది. దాన్ని మొదటి నుంచి కాల్చాలి.

నర్సింగమ్మ కుడి చేత్తో ఎడమ భుజం ఒకసారి ఒత్తుకుంది. కాలు నేలకు తన్నిపట్టి తాడు అందుకోబోతుంటే రామచంద్రం లేచి వచ్చాడు. తాడు తన చేతిలోకి తీసుకున్నాడు.

“నువ్వు ఊదితే ఇనుము ఎవలు వడ్తరు?” అంది ఆమె.

 అతను ఒకటి రెండు సార్లు లాగి చూశాడు. గాలి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పోయింది. నిప్పురవ్వలు లేచి బూడిద ఇద్దరి మీదా పడింది. తాడు ఎంత బరువో అప్పటిదాకా అతనికి తెలియదు.

“ఇగ తే,” అంది ఆమె. నవ్వింది కూడా. అతను వెంటనే ఇవ్వలేదు. ఇంకో పదిసార్లు లాగాడు. భుజం ఎక్కడ పట్టేస్తుందో తెలిసేదాకా లాగి, అప్పుడు ఇచ్చాడు.